ఆట ముగిసిన అరవై ఐదేళ్ళకు తీర్పా?

గెలుపోటములు తేలవలసింది మైదానంలో. గోలీలాడే పిల్లవాడికైనా తెలిసిన సంగతి ఇది. కాని ఆట అయిపోయి, ఆడినవాళ్ళు ముసలివాళ్ళై, వారిలో చాలామంది కాలం చేసిన తర్వాత, ఎక్కడో ఒక గదిలో కూర్చున్న పెద్దమనిషి పాత పత్రికలు తిరగేసి "ఆ యేడు దేశానికంతటికీ విజేత ఫలానా కాలేజీ" అని తీర్పు చెబితే దాన్ని ఏమనాలి? చరిత్ర అనాలా? జాతకం అనాలా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ విషయంలో అక్షరాలా ఇదే జరిగింది. ఆ దేశంలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళను తోసుకుంటూ పరుగెత్తే ఆట. రగ్బీకి దాయాది. ఆ ఆట పుట్టిన తొలి అరవై డెబ్భై యేళ్ళలో "జాతీయ ఛాంపియన్" ఎవరో తేల్చే పోటీ ఏదీ లేదు. కాని ఈనాడు ఏ రికార్డు పుస్తకం తెరిచినా 1869 నుంచి వరసగా ఛాంపియన్ల పేర్లు కనబడతాయి. లేని పోటీకి విజేతలు ఎక్కణ్ణించి వచ్చారు? తర్వాతి తరాలవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, ఎవరికి తోచిన కొలతతో వారు కొలిచి, పెట్టిన కిరీటాలవి.

"చరిత్ర పాఠాలు చెప్పుకునే నీకు అమెరికా ఆటతో ఏం పనయ్యా?" అని స్టాఫ్ రూములో ఒక మిత్రుడు అడిగాడు. ఆ ఆట ఆడడం నాకు రాదు, నిజమే. కాని సాక్ష్యం ఎక్కడ ఆగుతుంది, తీర్పు ఎక్కడ మొదలవుతుంది అన్నది మాత్రం నా సబ్జెక్టే. పైగా మన పూర్వ విద్యార్థులు ఎంతోమంది ఈనాడు ఆ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. వాళ్ళు తొడుక్కునే చొక్కాల మీద, కూర్చునే స్టేడియం గోడల మీద ఆ ఛాంపియన్ సంవత్సరాలు ముద్రించి ఉంటాయి. ఆ అంకెల వెనక ఉన్న కథ తెలుసుకోవడం తప్పు కాదు గదా!

రెండు కాలేజీలు, రెండు మాచ్‌లు

1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్ కాలేజీ, ప్రిన్స్‌టన్ కాలేజీ తలపడ్డాయి. (ప్రిన్స్‌టన్‌కు అప్పటి పేరు న్యూజెర్సీ కాలేజీ.) రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ మాచ్‌గా లోకం చెప్పుకునేది దీన్నే. ఒక్కొక్క పక్షాన 25 మంది. బంతి గుండ్రంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదు; తన్నవచ్చు, చేత్తో కొట్టవచ్చు. తమవాళ్ళను గుర్తుపట్టడానికి రట్గర్స్ కుర్రాళ్ళు కొందరు తలకు ఎర్ర గుడ్డలు పాగాల్లా చుట్టుకున్నారట. రట్గర్స్ 6–4తో గెలిచింది.

వారం తిరిగేసరికి, నవంబరు 13న, ప్రిన్స్‌టన్‌లో రెండో మాచ్. ఈసారి ప్రిన్స్‌టన్ నిబంధనలు. గాల్లో బంతిని పట్టుకున్నవాడికి అడ్డులేకుండా తన్నే హక్కు ఇచ్చే నిబంధన అది. ప్రిన్స్‌టన్ 8–0తో గెలిచింది. ఇద్దరికీ చెరొక గెలుపు. మూడో మాచ్‌తో తేలిపోవలసింది. ఆ మూడో మాచ్ జరగనేలేదు! పిల్లల చదువులు చెడిపోతున్నాయని రెండు కాలేజీల అధ్యాపకులూ అడ్డుపడ్డారని చెబుతారు. (మా జాతి ఏ దేశంలోనైనా ఒకటేనని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు.)

ఆ సంవత్సరం అమెరికాలో కాలేజీల మధ్య జరిగిన మాచ్‌లు ఈ రెండే. అప్పటికి ఆ దేశంలో 37 రాష్ట్రాలున్నాయి. ఆడింది ఒకే రాష్ట్రంలోని రెండు కాలేజీలు, ఒక్కో మాచ్ ఒక్కో రూలుతో. అయినా తర్వాతివాళ్ళు 1869కి "జాతీయ ఛాంపియన్"ను తేల్చారు. ఒకాయన రట్గర్స్, ప్రిన్స్‌టన్ ఇద్దరికీ సగం సగం పంచాడు. ఇంకొకాయన లెక్క వేసి ప్రిన్స్‌టన్ ఒక్కదానికే కట్టబెట్టాడు.

మరుసటి ఏడు, 1870లో, ప్రిన్స్‌టన్ ఆడింది ఒకే ఒక్క మాచ్. రట్గర్స్ మీద 6–2తో గెలిచింది. అంతే, జాతీయ ఛాంపియన్! 1871లో అసలు కాలేజీల మధ్య మాచ్‌లే జరగలేదు. అదృష్టవశాత్తూ ఆ యేడు ఎవరికీ కిరీటం పెట్టలేదు. నా దృష్టిలో ఆ పాత జాబితా మొత్తంలో నిస్సంకోచంగా నమ్మదగిన గడి ఆ ఖాళీ గడి ఒక్కటే.

తీర్పు చెప్పినవారెవరు?

ఈ కిరీటాలు పంచినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు పార్క్ డేవిస్. ప్రిన్స్‌టన్‌లో చదివి, అక్కడే ఆడి, తర్వాత మూడు కాలేజీలకు కోచ్‌గా పనిచేసి, పెన్సిల్వేనియాలో లాయరుగా స్థిరపడినవాడు. 1911లో ఈ ఆట చరిత్ర మీద పెద్ద పుస్తకం రాశాడు. 1934 నాటి స్పాల్డింగ్ ఫుట్‌బాల్ గైడులో 1869 నుంచి 1933 దాకా యేటేటా జాతీయ ఛాంపియన్లు వీరని జాబితా వేశాడు. మొదటి మాచ్ జరిగి అప్పటికి అరవై ఐదేళ్ళు. ఆ సంవత్సరమే డేవిస్ కన్నుమూశాడు.

డేవిస్ చేసిన పని తక్కువది కాదు. ఊరూరి పత్రికల్లో, కాలేజీ దస్త్రాల్లో చెల్లాచెదురుగా పడివున్న స్కోర్లను ఓపికగా కూర్చాడు. అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. కాని స్కోర్లు కూర్చిన చెయ్యి వేరు, కిరీటం పెట్టిన చెయ్యి వేరు. 1896వ సంవత్సరం చూడండి. ఆ యేటికి డేవిస్ ఇద్దరిని ఛాంపియన్లన్నాడు: ఒకటి లఫాయెట్ కాలేజీ, రెండోది ప్రిన్స్‌టన్. ప్రిన్స్‌టన్ ఆయన చదువుకున్న కాలేజీ. మరి 1896లో లఫాయెట్ జట్టుకు కోచ్ ఎవరు? సాక్షాత్తూ పార్క్ డేవిస్!

ఆ తీర్పు తప్పని నేను అనడం లేదు. రెండు జట్లూ ఆ యేడు ఓడలేదు. ఒకదానితో ఒకటి ఆడితే 0–0తో సరిసమానమైంది. లఫాయెట్ ఆనాటి మహాజట్టు పెన్సిల్వేనియాను 6–4తో ఓడించింది కూడా. కాని తన కేసులో తానే జడ్జి కాకూడదన్నది లాయరైన డేవిస్‌కు తెలియని సూత్రమా? ఇంకో తమాషా ఉంది. పెన్సిల్వేనియాతో మాచ్‌కు కాస్త ముందు వెస్ట్ వర్జీనియా నుంచి ఫీల్డింగ్ యోస్ట్ అనే ఆటగాడు లఫాయెట్‌లో విద్యార్థిగా చేరాడు. మాచ్ ఆడాడు. గెలిచాక మళ్ళీ తన పాత కాలేజీకి వెళ్ళిపోయాడు! మన అంతర్ కళాశాలల టోర్నమెంట్లలో బయటి ఆటగాణ్ణి దింపితే ఎంత రభస అవుతుందో ఆటగాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆనాటి కట్టుబాట్లు అంత వదులు. అలాంటి గెలుపుల్ని ఏ తక్కెడలో వేసి తూచాలి?

డేవిస్ తర్వాత హెల్మ్స్ ఫౌండేషన్ వచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో పాల్ హెల్మ్స్ అనే రొట్టెల వ్యాపారి డబ్బుతో 1936లో మొదలైన సంస్థ. అందులో బిల్ ష్రోడర్ అనే ఆటల పిచ్చివాడు 1883 దాకా వెనక్కి వెళ్ళి ఛాంపియన్లను ఎంచాడు. ఆ తర్వాత గణిత సూత్రాలతో లెక్కలు కట్టినవాళ్ళు వచ్చారు.

లెక్కలంటే గుర్తొచ్చింది. ఇల్లినాయ్ యూనివర్శిటీలో అర్థశాస్త్రం చెప్పే ఫ్రాంక్ డికిన్సన్ అనే ప్రొఫెసర్ 1926లో జట్లకు మార్కులు వేసే పద్ధతి తయారుచేశాడు. అప్పటికి నోటర్‌డామ్ కోచ్ న్యూట్ రాక్నీ పేరు దేశమంతా మారుమోగుతోంది. ఆయన ప్రొఫెసరు గారితో మాట కలిపి, ఆ లెక్కను ఇంకో రెండేళ్ళు వెనక్కి జరిపించాడని చెబుతారు. ఎందుకు? 1924లో నోటర్‌డామ్ ఒక్క మాచ్ కూడా ఓడలేదు కాబట్టి! నిజానికి 1924 నోటర్‌డామ్ గొప్ప జట్టే. ఆ గొప్పతనానికి వెనక తేదీ వేసిన సర్టిఫికెట్టు అవసరం లేదు. అది తెచ్చుకోవడం వల్ల ఉన్న గౌరవానికి కూడా ఒక చిన్న మచ్చ పడింది.

కొలబద్ద ఏది?

పోనీ, తీర్పరులందరూ నిష్పాక్షికులే అనుకుందాం. కొలవడానికి కొలబద్ద ఉండాలి గదా! ఆ తొలి రోజుల్లో ఆటే ఒక రూపంలో లేదు. 1869లో గుండ్రని బంతిని తన్నే ఆట. 1874లో హార్వర్డ్, కెనడాలోని మెగిల్ యూనివర్శిటీతో ఆడి రగ్బీ పద్ధతి రుచి చూసింది. 1876లో నాలుగు కాలేజీలవాళ్ళు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సమావేశమై రగ్బీ పోలిన నిబంధనలు రాసుకున్నారు. 1880లో ఒక్కో జట్టుకు 11 మంది అన్నది స్థిరపడింది.

పాయింట్ల సంగతి మరీ విడ్డూరం. 1883లో పాయింట్లు పెట్టినప్పుడు బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించే టచ్‌డౌన్‌కు 2 పాయింట్లు. దూరం నుంచి గోలు తన్నితే 5. తర్వాత టచ్‌డౌన్ విలువ 4 అయింది, 1898లో 5 అయింది, 1912లో 6 అయింది. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషిద్ధం. 1888లో యేల్ జట్టు 13 మాచ్‌లాడి 698 పాయింట్లు చేసి, ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ అంకె చూసి ఆశ్చర్యపడవలసిందే. కాని ఆ 698ని ఇంకో కాలపు అంకె పక్కన పెట్టి పోల్చలేం. అణాల లెక్కనూ పైసల లెక్కనూ ఒకే చిట్టాలో కూడితే వచ్చే మొత్తం దేనికి పనికొస్తుంది?

1881లో యేల్, ప్రిన్స్‌టన్ ఆడిన మాచ్ ఇంకా చిత్రం. బంతి చేతికొస్తే ప్రత్యర్థికి ఇవ్వనక్కర్లేదన్న లొసుగు నిబంధనల్లో ఉంది. మొదటి సగమంతా ఒక జట్టు, రెండో సగమంతా ఇంకో జట్టు బంతిని పట్టుకు కూర్చున్నాయి. 0–0. చూడవచ్చినవాళ్ళు విసిగిపోయారు. ఆ దెబ్బతోనే మరుసటి సంవత్సరం ఇన్ని ప్రయత్నాల్లో ఇన్ని గజాలు ముందుకు పోకపోతే బంతి వదులుకోవాలన్న నియమం వచ్చింది. ఇలాంటి మాచ్ మీద ఆధారపడి ఛాంపియన్‌ను ఎంచడం ఎట్లా?

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఆ జట్లు ఒకదాన్నొకటి చూసి కూడా ఎరగవు. 1901లో మిషిగన్ పదకొండు మాచ్‌లూ గెలిచింది, 550–0. దాని కోచ్ మరెవరో కాదు, మనం ఇందాక చెప్పుకున్న యోస్టే. అదే యేడు హార్వర్డ్ పన్నెండుకు పన్నెండూ గెలిచింది. ఆ రెండూ తలపడలేదు. హెల్మ్స్ వారు మిషిగన్ అన్నారు. రిచర్డ్ బిలింగ్స్‌లీ అనే ఆయన గణితం హార్వర్డ్ అంది. ఎవరి మాట నిజం? ఇద్దరి మాటా నిజం కాదు, అబద్ధమూ కాదు. జరగని మాచ్‌కు స్కోరు ఉండదు.

ఇక నా మనసు దోచుకున్న జట్టు ఒకటుంది, దాని సంగతి చెప్పకుండా ఉండలేను. టెనెసీ రాష్ట్రంలో కొండ మీద సివానీ అనే చిన్న విశ్వవిద్యాలయం. 1899 నవంబరు 9 నుంచి 14 దాకా, ఆరు రోజుల్లో, రైలెక్కి తిరుగుతూ అయిదు మాచ్‌లాడింది. టెక్సస్‌ను 12–0, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ను 10–0, టులేన్‌ను 23–0, ఆదివారం విశ్రాంతి తీసుకుని సోమవారం లూసియానా స్టేట్‌ను 34–0, మంగళవారం మిసిసిపీని 12–0తో ఓడించింది. సుమారు 2,500 మైళ్ళ ప్రయాణం. ఆ యేడు మొత్తం పన్నెండు మాచ్‌లూ గెలిచింది. 322 పాయింట్లు చేసి 10 ఇచ్చింది, ఆ పదీ ఆబర్న్‌కే. అయినా హెల్మ్స్ జాబితాలో 1899 ఛాంపియన్ హార్వర్డ్. హార్వర్డ్ ఆ యేడు యేల్‌తో 0–0తో ఆగిపోయింది.

మరి సివానీకి ఇప్పుడైనా కిరీటం పెడదామా? మనసు పెట్టమంటుంది. బుద్ధి వద్దంటుంది. సివానీ హార్వర్డ్‌తో ఆడలేదు. మనకు నచ్చని జట్టుకు ఒక న్యాయం, నచ్చిన జట్టుకు ఒక న్యాయం అయితే మనకూ డేవిస్‌కూ తేడా ఏముంది? ఆరు రోజుల్లో అయిదు గెలుపులు అన్న ఒక్క వాక్యం చాలు సివానీకి. దానికి ఏ బిరుదూ తోక తగిలించనక్కర్లేదు.

గోడల మీది అంకెలు

ఇదంతా పాతకాలపు ముసలివాళ్ళ కాలక్షేపమైతే నేనింత రాసేవాణ్ణి కాదు. కాని ఈ జాబితాలు ఈనాటికీ పనిచేస్తున్నాయి. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే పెద్ద సంఘం ఎన్.సి.ఏ.ఏ. పైస్థాయి ఫుట్‌బాల్‌లో తానుగా ఛాంపియన్‌ను ప్రకటించదు. ఎవరెవరు ఎవరిని ఎంచారో తన రికార్డు పుస్తకంలో వరసగా అచ్చువేస్తుంది, అంతే. అందులోంచి ఎవరికి కావలసింది వారు ఏరుకోవచ్చు. ప్రిన్స్‌టన్ తనకు 28 ఛాంపియన్‌షిప్పులంటుంది. యేల్ 27 అంటుంది. యేల్ లెక్క 1930కి ముందే ఆగిపోయింది.

అలబామా కథ వినండి. 1980లలో ఆ యూనివర్శిటీ క్రీడా ప్రచార విభాగం పాత సంవత్సరాలు అయిదింటిని ఒక్కసారిగా తన లెక్కలో కలుపుకుంది. వాటిలో 1941 ఒకటి. ఆ యేడు అలబామా రెండు మాచ్‌లు ఓడింది. దేశంలోని పాత్రికేయుల ఓట్లతో 1936 నుంచి నడుస్తున్న ఏ.పి. జాబితాలో దానికి వచ్చిన స్థానం 20. మొదటి స్థానం ఒక్క మాచ్ కూడా ఓడని మిన్నెసోటాది. అయినా ఎవరో ఒకరి లెక్కలో అలబామా పైకి తేలింది గనక, అది ఛాంపియనే! టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2012లో కొత్త లీగులో చేరుతూ 1919, 1927లను తన ఖాతాలో వేసుకుంది. 2016లో కోచ్‌ల సంఘం ఓక్లహోమా స్టేట్‌కు 1945 ఛాంపియన్‌షిప్ ఇచ్చింది, 71 యేళ్ళ తర్వాత. 2025లో ఆబర్న్ 1910, 1914 లాంటి పాత సంవత్సరాలు కూడా కలుపుకుని తన లెక్కను తొమ్మిదికి పెంచింది.

ఎందుకింత ఆరాటం? పూర్వ విద్యార్థుల విరాళాలు, కొత్త ఆటగాళ్ళను రప్పించడం, టెలివిజన్ డబ్బు, పక్క యూనివర్శిటీతో పోటీ. "వాళ్ళు కలుపుకున్నారు, మనమెందుకు ఊరుకోవాలి?" అన్నదే వాదన. కాపీ కొట్టే విద్యార్థి చెప్పే సమాధానమూ ఇదే గదా! సత్యాన్వేషణ కోసం పుట్టిన విశ్వవిద్యాలయం, తన గోడ మీద మాత్రం ఓట్లకూ లెక్కలకూ మధ్య దొరికిన సందులోంచి తెచ్చుకున్న అంకె రాసుకుంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

జాబితాలో లేనివారు

ఇంతవరకు చెప్పింది పేర్లున్న వాళ్ళ సంగతి. అసలు పేరే లేనివాళ్ళ మాట?

1892 డిసెంబరు 27న నార్త్ కరొలైనాలోని సాల్స్‌బరీలో, మంచు కురుస్తుండగా, బిడిల్, లివింగ్‌స్టన్ అనే రెండు నల్లజాతివారి కాలేజీలు ఆడాయి. నల్లజాతి కాలేజీల మధ్య మొదటి ఫుట్‌బాల్ మాచ్ అది. బిడిల్ గెలిచింది. తాము చేసిన టచ్‌డౌన్‌ను మంచులో గీత కనబడక లెక్కలోకి తీసుకోలేదని లివింగ్‌స్టన్ వారు చెప్పుకున్నారు. తెల్లవారి కాలేజీలు ఆ జట్లతో ఆడలేదు. అందువల్ల ఆ పాత "జాతీయ" జాబితాల్లో ఈ కాలేజీల ఊసే లేదు. జాతిలో ఒక భాగాన్ని గేటు బయట నిలబెట్టి లోపల ఎంచుకున్నదానికి 'జాతీయ' అన్న పేరు ఎట్లా అతుకుతుంది?

కార్లైల్ సంగతి మరొకటి. పెన్సిల్వేనియాలో 1879లో పెట్టిన ఈ బడి, ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా తెచ్చి, వాళ్ళ జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, 'నాగరికుల్ని' చెయ్యడానికి ఏర్పడ్డది. ఆ పిల్లలే 1911 నవంబరు 11న హార్వర్డ్‌ను దాని సొంత గడ్డ మీద 18–15తో ఓడించారు. జిమ్ థార్ప్ అనే కుర్రవాడు దూరం నుంచి నాలుగు గోళ్ళు తన్నాడు. ఆ యేడు కార్లైల్ 11 గెలిచి ఒక్కటి ఓడింది. హెల్మ్స్ వారు 1911 ఛాంపియన్‌గా ఎంచింది ప్రిన్స్‌టన్‌ను. కార్లైల్ బడి 1918లో మూతపడింది. ఈనాడు దాని తరఫున గోడ మీద అంకె రాయించడానికి ప్రచార విభాగం లేదు, స్టేడియం లేదు, విరాళాలిచ్చే పూర్వ విద్యార్థుల సంఘం లేదు. వెనక తేదీ కిరీటం ఎప్పుడూ బతికున్న సంస్థ నెత్తికే చేరుతుంది. ఈ పద్ధతిలోని అసలు అన్యాయం ఇది.

అయితే పాత తీర్పులు దిద్దకూడదా?

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు: "మాష్టారూ, చరిత్రకారుడి పనే వెనక్కి తిరిగి చూసి తీర్పు చెప్పడం గదా! ఆనాడు గుర్తించనివాళ్ళను ఈనాడు గుర్తిస్తే తప్పేమిటి?" మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆ జిమ్ థార్ప్ జీవితంలోనే ఉంది.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థార్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ మొదటివాడుగా వచ్చాడు. అంతకుముందు కాస్త డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న నెపంతో 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. 1953లో ఆయన చనిపోయాడు. 1982లో ఒలింపిక్ సంఘం ఆయన్ను సహవిజేతగా ఒప్పుకుంది. 2022లో ఏకైక విజేతగా మళ్ళీ నమోదు చేసింది. 110 యేళ్ళ తర్వాత దిద్దిన తీర్పు అది. నేను దానికి చప్పట్లు కొడతాను. ఎందుకంటే ఆ పోటీ జరిగింది. ప్రత్యర్థులు ఎదురుగా నిలిచారు. అతను గెలిచాడు. గెలిచినదాన్ని కాగితం మీద కొట్టేశారు, మళ్ళీ రాశారు. జరిగిన గెలుపును తిరిగి ఇవ్వడం న్యాయం. జరగని గెలుపును పుట్టించడం వేరు.

మన ఉదాహరణే చెబుతాను. పోతన బమ్మెర వాడా, ఒంటిమిట్ట వాడా అని మన పండితులు ఎన్నో యేళ్ళు వాదులాడుకున్నారు. ఆ వాదులాటకు అర్థముంది. పోతన ఎక్కడో ఒకచోటి వాడే. సాక్ష్యం బలంగా ఉంటే ప్రశ్న తీరుతుంది. కాని 1869లో అమెరికా జాతీయ ఛాంపియన్ ఎవరన్న ప్రశ్నకు ఎంత తవ్వినా జవాబు దొరకదు. భూమిలో లేని నిధికి గునపం దేనికి?

"ఇదంతా సరదా కోసం, ఇంత పట్టుదల ఎందుకు?" అనే వాళ్ళూ ఉంటారు. సరదా అయితే నేనూ కూర్చుంటాను. కాంటీన్‌లో టీ తాగుతూ 1901 మిషిగన్ గొప్పదా, హార్వర్డ్ గొప్పదా అని రాత్రి దాకా వాదించుకోవచ్చు. ఆటల్లో సగం ఆనందం ఆ వాదనలోనే ఉంది. కాని కాంటీన్‌లో తేలిన మాటను తీసుకెళ్ళి శిలాఫలకం మీద చెక్కించకూడదు.

అందుకని, పాత ఆటల్ని అంచనా వేసేవాళ్ళకు మూడు నియమాలు ఉండాలని నా అభిప్రాయం. ఒకటి: ఏ కొలతతో కొలిచాడో ముందే చెప్పాలి, ఆ కొలతను తనకు నచ్చిన జట్టు దగ్గర మార్చకూడదు. రెండు: తాను చదివిన, ఆడిన, కోచ్‌గా చేసిన కాలేజీ విషయం వచ్చినప్పుడు తీర్పరి పక్కకు తప్పుకోవాలి. మూడు: 'తేలలేదు' అని రాసే ధైర్యం ఉండాలి. ఈ మూడోది అన్నిటికన్నా కష్టం. ఖాళీ గడి చూస్తే మనిషికి చెయ్యి ఊరుకోదు.

ఈ కాలపు కుర్రవాళ్ళు అదృష్టవంతులు. అమెరికాలో కూడా 2014 సీజన్ నుంచి నాలుగు జట్లతో నాకౌట్ పోటీ పెట్టారు. 2024 నుంచి దాన్ని పన్నెండు జట్లకు పెంచారు. ఆ పన్నెండింటిని ఎంచే దగ్గర ఇప్పటికీ రభస జరుగుతూనే ఉంది. అయినా చివరి మాట మాత్రం మైదానంలోనే తేలుతుంది. ఓడినవాడు ఎవరి చేతిలో ఓడాడో చూసుకోగలడు. పాత వాళ్ళకు ఆ భాగ్యం లేదు. లేనందుకు వాళ్ళకు మనం చేయగల సేవ వాళ్ళు ఆడినదాన్ని ఆడినట్టుగా భద్రపరచడమే.

విద్యార్థి మిత్రులారా! ఏ కాలేజీ క్రీడల గదిలోనైనా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. దాని మీద యేటేటా పేర్లు రాసే పని మీలో ఎవరో ఒకరి చేతికి వస్తుంది. యూనియన్ సెక్రటరీ కావచ్చు, గేమ్స్ కెప్టెన్ కావచ్చు. వానకు ఆగిపోయిన ఫైనలు, గొడవతో రద్దయిన మాచ్, అవతలి జట్టు రాక ఆడని పోటీ మీకూ ఎదురవుతాయి. అప్పుడు పెయింటు డబ్బా దగ్గరే ఉంటుంది, మన కాలేజీ పేరు రాసుకోవాలని చెయ్యి లాగుతుంది. ఆ చేతిని ఆపండి. ఏం జరిగిందో అదే రాయండి: ఎవరు ఆడారు, ఎంత స్కోరు, ఎందుకు ఆగింది. అరవై యేళ్ళ తర్వాత ఆ బోర్డు చదివే పిల్లవాడికి కిరీటం కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

1869కి కూడా నన్ను రాయమంటే ఇంతే రాస్తాను: రట్గర్స్ ఒకటి, ప్రిన్స్‌టన్ ఒకటి, మూడో మాచ్ జరగలేదు.